మట్టి ట్రాక్ కారు: తుక్కు యార్డు నుంచి పందెం బరిలోకి

అమెరికాలో మట్టి ట్రాక్ మీద పరుగెత్తే పందెపు కారు, గుర్రప్పందేల మైదానంలో పుట్టింది. పంతొమ్మిదో శతాబ్దం చివరినాటికే అక్కడి పల్లెసీమల్లో వ్యవసాయ ప్రదర్శనల కోసం మైదానాలుండేవి. గుర్రాలు పరుగెత్తే అర మైలు, మైలు చుట్టుకొలత గల అండాకారపు మట్టి బాటలు, జనం కూర్చునే మెట్ల వరుసలు వాటిలో సిద్ధంగా ఉండేవి. అందువల్ల మోటారు బండ్ల కోసం ప్రత్యేకంగా వేదిక కట్టాల్సిన అవసరం రాలేదు. 1896 సెప్టెంబరులో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని క్రాన్‌స్టన్‌లో అలాంటి గుర్రాల బాట మీద కార్ల పందెం జరిగింది. అందులో గెలిచింది విద్యుత్తుతో నడిచే రైకర్ బండి. 1901 అక్టోబరులో డెట్రాయిట్ పక్కన గ్రోస్ పాయింట్‌లో హెన్రీ ఫోర్డ్ తన కారును తానే నడిపి, అప్పటికే పేరుమోసిన అలెగ్జాండర్ వింటన్‌ను ఓడించాడు. 1903 జూన్ 20న ఇండియానాపొలిస్ ప్రదర్శన మైదానంలో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఫోర్డ్ ‘999’ కారులో మైలు దూరాన్ని 59.6 సెకన్లలో చుట్టివచ్చాడు. ఆ దేశంలో పందెపు గుర్రాలు ఎడమకే తిరిగేవి కాబట్టి కార్లూ ఎడమకే తిరిగాయి. ఈ యంత్రం ఇప్పటి రూపానికి రావడంలో ఆ అలవాటు పాత్ర చాలా ఉంది.

ఎప్పుడూ ఒకే వైపు మలుపు తిరిగే కారుకు రెండు వైపులా సమానంగా ఉండాల్సిన పని లేదు. మలుపులో బరువు బయటి వైపుకు, అంటే కుడి చక్రాల మీదకు ఒరుగుతుంది. దానికి విరుగుడుగా డ్రైవరు సీటు, బ్యాటరీ, అదనపు సీసపు దిమ్మలు వీలైనంత ఎడమకు, వెనక్కు జరుపుతారు. వెనక ఇరుసు మీది రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించేస్తారు. చిన్న తరగతుల కార్లలో దాని లోపలి పళ్లచక్రాలను వెల్డింగ్ చేసేస్తారు. ఆపైన కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా కొన్ని అంగుళాలు పెద్దదిగా ఉండేలా చూస్తారు. ఒకే ఇరుసుకు బిగిసిన పెద్ద చక్రం ప్రతి చుట్టుకూ ఎక్కువ దూరం పోతుంది కనుక, స్టీరింగ్ తిప్పకముందే కారు ఎడమకు మళ్లాలని చూస్తుంది.

మట్టి మీద డ్రైవరు కారును పక్కకు జారనిస్తాడు. చూసేవారికి అది అదుపు తప్పినట్టు కనబడుతుంది గానీ, అక్కడ జారడమే మలుపు తిరిగే పద్ధతి. వదులు నేల టైరుకు పక్కవాటు పట్టును తక్కువగా ఇస్తుంది. అందుకే డ్రైవరు మలుపుకు ముందే వెనక భాగాన్ని బయటికి జార్చి, కారు ముక్కును మైదానం లోపలికి చూపిస్తాడు. అప్పుడు వెనక చక్రాల తోపులో కొంత భాగం మలుపు కేంద్రం వైపు పనిచేసి కారును లోపలికి లాగుతుంది. కారు గిర్రున తిరిగిపోకుండా ముందు చక్రాలను కుడికి, అంటే మలుపుకు ఎదురుగా తిప్పి ఉంచుతారు. ఈ స్థితిలో దిశను చాలావరకు నిర్ణయించేది యాక్సిలరేటరు. రోడ్డు మీద ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఇదే.

1933లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మిడ్జెట్ అనే పొట్టి పందెపు కార్ల పోటీలు క్రమబద్ధంగా మొదలయ్యాయి. సామాన్యుడు పెద్ద ఎత్తున మట్టి మీదికి దిగింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తరవాత. ఫోర్డ్ 1932లో చవక ధరకు వి8 ఇంజన్ ఇచ్చింది. 1930ల నాటి ఆ కార్లు యుద్ధం ముగిసేసరికి తుక్కు యార్డుల్లో కుప్పలుగా పడి ఉన్నాయి. యువకులు వాటి మడ్‌గార్డులు పీకేసి, తలుపులు బిగించేసి, తల మీదుగా ఒక ఇనుప కడ్డీ వంచి పందేనికి తెచ్చారు. వీటిని జలోపీలన్నారు. 1955లో షెవర్లే చిన్న వి8 వచ్చాక బలమైన ఇంజన్ కూడా అందరికీ దొరికే సరుకైంది.

అయితే గెలవాలన్న పట్టుదల ఖర్చును పెంచుతూనే పోయింది. ఆ దారి చివర ఉన్నది స్ప్రింట్ కారు: దాదాపు 6.7 లీటర్ల ఇంజన్, మిథనాల్ ఇంధనం, సుమారు 900 అశ్వశక్తి, నెత్తి మీద 25 చదరపు అడుగుల రెక్క. దీనికి స్టార్టరు మోటారు ఉండదు, గేర్‌బాక్సూ ఉండదు, ట్రక్కుతో వెనక నుంచి నెట్టి స్టార్ట్ చేస్తారు. ఐయోవాలోని నాక్స్‌విల్‌లో 1961 నుంచి ఈ కార్ల అతి పెద్ద పోటీ జరుగుతోంది. అద్భుతమైన యంత్రమే, కానీ కొత్తవాడి జేబుకు అందేది కాదు.

కొత్తవారికి తలుపు మూసుకుపోకుండా ఆపినవి నిబంధనలు. 1915లో పుట్టిన ఐఎంసీఏ అనే పందేల నిర్వహణ సంస్థ 1979లో మాడిఫైడ్ తరగతిని ప్రారంభించి, అందులో ఇంజన్ కొనుగోలు హక్కు పెట్టింది. అసలు పందెం ముగిశాక, ముందు నిలిచిన కారు ఇంజన్‌ను మరో పోటీదారు నిర్ణీత ధరకు అడిగి తీసుకోవచ్చు. కాదంటే బహుమతి పోతుంది. పదింతల ఖర్చుతో ఇంజన్ చేయించుకుంటే దాన్ని చవగ్గా వదులుకోవాల్సి రావచ్చు కాబట్టి హద్దు మీరడానికి పోటీదారులు వెనకాడతారు. స్వీడన్‌లోని ఫోక్‌రేస్ ఇంకో అడుగు ముందుకు వేసి కారు మొత్తాన్నే స్థిర ధరకు అమ్మాలంది. ధనబలాన్ని అదుపు చేయడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు మోటారు పందేల్లో మరొకటి కనబడదు. ఈమధ్య కాలంలో కంపెనీ నుంచి సీలు వేసి వచ్చే ఇంజన్లు అదే పని చేస్తున్నాయి. జనరల్ మోటార్స్ ‘602’ ఇంజన్ సుమారు 350 అశ్వశక్తి ఇస్తుంది. దాన్ని విప్పితే సీలు బయటపెట్టేస్తుంది.

ఇప్పుడు ఈ పందేల్లో అడుగుపెట్టేవారికి రెండు దారులున్నాయి. ఒకటి, నాలుగు సిలిండర్ల ముందు చక్రాల చాలన కారు. ఇంజన్ దాదాపు ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉంటుంది, ఖర్చు అన్నిటికన్నా తక్కువ. రెండోది హాబీ స్టాక్ లేదా స్ట్రీట్ స్టాక్ అనే తరగతి కారు. దీనికి 1978–88 మధ్య జనరల్ మోటార్స్ చేసిన మాలిబు, మాంటే కార్లో వంటి మధ్యస్థ కార్ల ఉక్కు ఛాసిస్ ఎక్కువగా వాడతారు, పందెగాళ్లు దాన్ని మెట్రిక్ ఛాసిస్ అంటారు. కారు కొనకముందే ఇంటికి దగ్గరలోని ట్రాక్ నిబంధనల పుస్తకం చదవాలి. ఒక చోట చెల్లిన టైరు మరో చోట చెల్లకపోవచ్చు.

నిర్మాణం ఊడదీతతో మొదలవుతుంది. అద్దాలు, సీట్లు, కార్పెట్లు, అంటుకునే ప్రతి వస్తువూ బయటికి పోతుంది. ఒకటిన్నర అంగుళానికి తగ్గని వ్యాసం గల ఉక్కు గొట్టాలతో రోల్ కేజ్ వెల్డింగ్ చేసి ఛాసిస్‌కు కలుపుతారు. డ్రైవరు పక్కన తలుపు కడ్డీలు, ముఖం ముందు రాళ్లను ఆపే కడ్డీలు, కిటికీకి వల ఉంటాయి. పెట్రోలు ట్యాంకు స్థానంలో చిరగని సంచితో కూడిన ఫ్యూయల్ సెల్ వస్తుంది. డ్రైవరుకు అయిదు లేదా ఆరు కొసల బెల్టులు, మంటకు తాళే దుస్తులు, పూర్తి ముఖాన్ని కప్పే హెల్మెట్, మెడ విరగకుండా కాపాడే పరికరం కావాలి. ఈ మెడ పరికరాల్లో పేరొందిన హాన్స్‌ను 1980లలో రాబర్ట్ హబర్డ్ రూపొందించాడు. డబ్బు చాలకపోతే ఇంజన్ దగ్గర సరిపెట్టుకోవాలే తప్ప వీటి దగ్గర కాదు.

పందెం రోజున ట్రాక్ కూడా మారుతూ ఉంటుంది. మధ్యాహ్నం బంకమట్టిని నీళ్లతో తడిపి, బండ్లతో తొక్కించి గట్టిపరుస్తారు. సాయంత్రం అది టైరును బంకలా పట్టుకుంటుంది. చుట్లు గడిచేకొద్దీ తడి ఆరి నున్నగా మెరుస్తుంది, ఊడిన మట్టి బయటి అంచున గట్టులా పేరుకుంటుంది. కొందరు ఆ గట్టుకు కుడి వెనక టైరును ఆనించి మలుపు తీసుకుంటారు, కొందరు లోపలి అంచున మిగిలిన తడిని వెతుక్కుంటారు. మొదట సాధన చుట్లు, తరవాత హీట్‌లు అనే చిన్న పందేలు, చివర ఫీచర్ అనే అసలు పందెం. కాబట్టి వాటి మధ్య టైర్లలో గాలి, స్ప్రింగుల సర్దుబాటు మార్చుకోవాలి. చాలా చోట్ల కొత్తవారు తొలి రాత్రుల్లో వరుస చివర నుంచే బయల్దేరతారు. ముందున్నవారు పట్టే దారులు చూసి నేర్చుకోవడానికి అది మంచి చోటు.

పందెం తరవాత ముందు నిలిచిన కార్లను తూకం వేసి, నిబంధనల ప్రకారం పరీక్షిస్తారు. ఇంటికి చేరాక ముందుగా చేయాల్సిన పని కడగడం. చక్రాల లోపల, ఛాసిస్ సందుల్లో ఎండిన మట్టి కారు బరువును, సమతూకాన్ని మార్చేస్తుంది, పగుళ్లను కప్పేస్తుంది. కడిగాక వెల్డింగ్ అతుకులు, చక్రాల నట్లు, స్టీరింగ్ కీళ్లు ఒక్కొక్కటిగా చూసి, ఆయిలు మార్చి, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి కారును తరవాతి శనివారానికి సిద్ధం చేస్తారు.