కొండయాత్రికుల రాక – కొండపల్లెకు లాభమెట్లు?

మన్యపు రైతు సోదరులారా! వంజంగి, లంబసింగి కొండలకు నేడు యాత్రికులు గుంపులుగా వచ్చుచున్నారు. వారి రాకవలన పల్లెకు లాభమా, నష్టమా? నేపాలు దేశపు అన్నపూర్ణ ప్రాంతమువారి అనుభవము ఇందుకు చక్కని పాఠము.

అన్నపూర్ణ శిఖరము ఎత్తు 8,091 మీటర్లు. దాని దిగువ వాలులలో గురుంగులు మెట్లుగా మళ్ళు కట్టి వరి, చోళ్ళు, మొక్కజొన్న పండింతురు. 1970 తరువాత కాలినడక యాత్రికులు వేలకొలది రాసాగిరి. దారి పొడుగున బసలు వెలసినవి. వంటకు, స్నానపు నీళ్లకు, చలిమంటలకు కట్టెలు కావలసివచ్చినవి. చేతికి రొక్కము వచ్చినది. అడవి మాత్రము పలచబడినది. అడవి పోయినచో ఊటలు, పశువుల మేత, వాలుమీది మట్టి నిలువవు. బోడికొండను చూచుటకు ఎవరు వత్తురు?

ఈ చిక్కు తీర్చుటకై 1986లో ఘాంద్రుక్ గ్రామమున సంరక్షణ పథకము ప్రారంభమైనది. నేడది 7,629 చదరపు కిలోమీటర్లకు వ్యాపించినది. ప్రజలను ఊళ్ళనుండి తరలింపలేదు. అడవి కాపుదలలో వారినే భాగస్థులను చేసిరి. అచ్చటి పద్ధతులు మూడు:

1. యాత్రికులు చెల్లించు ప్రవేశరుసుము అచ్చటనే అడవి రక్షణకు, బాటలకు, బడులకు, త్రాగునీటికి వినియోగింతురు. గ్రామ సంఘములకు ఇందు పాత్ర కలదు.

2. ఛోమ్రోంగ్ ఊరికి ఎగువ కట్టెలు కాల్చుట మాన్పించి, కిరసనాయిలు డిపో నెలకొల్పిరి. వంటపొయ్యి వేడితోనే నీళ్లు కాగు గొట్టములు, సెలయేటి విద్యుత్తు వాడుకకు తెచ్చిరి. నారుమళ్ళు వేసి మొక్కలు పంచిరి.

3. బసలకు కావలసిన కూరగాయలను సమీప రైతులు పండించి అమ్ముదురు. మార్ఫాలో 1966లో ప్రభుత్వ తోట ఏర్పడినది. ఆ ఊరి ఆపిల్ పండ్లను, ఎండు ముక్కలను యాత్రికులు కొందురు.

ఒక లోపము లేకపోలేదు. రాబడి బాట ప్రక్క ఊళ్ళకే హెచ్చు. దూరపు ఊరి రైతునుండి పాలు, కూరలు, గింజలు కొన్నప్పుడే అతనికిని పాలు దక్కును.

కావున మీరును ముందుగా గ్రామసభ జరుపుకొనుడు. కట్టెలకు బదులు గ్యాసు వాడుటకు, చెత్తను క్రిందికి చేర్చుటకు నియమము పెట్టుకొనుడు. అతిథి విస్తరిలో మీ చోళ్ళు, మీ రాజ్‌మా, లోటాలో మీ కాఫీ ఉండనిండు. యాత్రికుడు ఒకపూట ఉండి పోవును. అడవి మీ బిడ్డలకు మిగులవలెను.