పాత టార్చికి కొత్త బల్బు

మీ గరాజులో ఏదో ఓ మూల నల్లటి మాగ్‌లైటు ఒకటి పడి ఉండే ఉంటుంది. మూడు "డీ" సెల్లులు మింగేది, చేత్తో పట్టుకుంటే రోకలిబండలా ఉండేది. కాలిఫోర్నియాలో ఆంథొనీ మాగ్లికా 1979లో మార్కెట్లోకి తెచ్చిన సరుకు. అల్యూమినియం ఒళ్ళు, రబ్బరు రింగులు, ఇంకో ముప్ఫై ఏళ్ళయినా చెక్కు చెదరదు. పారెయ్యడానికి మనసొప్పదు. తీరా వెలిగిస్తే ఆముదం దీపమే నయం అనిపిస్తుంది.

దీనికి అన్నలాంటిది ఒకటి గుంటూరు జిల్లాలో మా నాన్నగారి దగ్గర ఉంది. నికెల్ పూత పూసిన ఇత్తడి బ్యాటరీ లైటు. అదీ మూడు సెల్లులదే. పొలాలకి కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో ఆయన మోటారు వెయ్యడానికి గట్ల మీద నడిచింది ఆ వెలుగులోనే. కట్లపాము తిరిగేది కూడా ఆ వేళప్పుడే. అందుకని ఆ ఇంట్లో టార్చి అంటే ఆటవస్తువు కాదు. ఇప్పటికీ చీకటి పడ్డాక అది చేతిలో లేకుండా ఆయన గడప దాటరు.

ఈ రెండింటికీ ఎల్.ఇ.డి. బల్బులు వేశాను. అందులో తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

పాత బల్బు ఊడదీసి కొత్తది పెట్టడమే కదా, ఇందులో రాయడానికి ఏముంది అంటారా? మన వృత్తి భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేసు అదే, లోపలి ఇంప్లిమెంటేషను వేరు. కంపైలు అవుతుంది. రన్ చేశాకే తెలుస్తుంది, మిగతా కోడు పాత మాడ్యూలు ప్రవర్తనని నమ్ముకుని ఎన్ని ఊహలు చేసుకుందో. టార్చిలో సెల్లులు, అద్దం, స్విచ్చి అన్నీ ఆ ఫిలమెంటు చుట్టూ అల్లుకున్నవే.

ముందు పాత బల్బుని గౌరవంగా చూద్దాం. మెడ దగ్గర గుండ్రటి అంచు ఉండే ఈ రకాన్ని పీఆర్ బల్బు అంటారు. రెండు సెల్లులకి పీఆర్2, మూడింటికి పీఆర్3, నాలుగింటికి పీఆర్13. పీఆర్2 లెక్క చూడండి: 2.38 వోల్టులు, అర ఆంపియరు, అంటే సుమారు 1.2 వాట్లు. ఇచ్చే వెలుగు దాదాపు 10 ల్యూమెన్లు. ఆయుష్షు 15 గంటలు! తప్పు చదవలేదు, పదిహేనే. తీగని ఎంత మండిస్తే అంత తెల్లటి వెలుగు, అంత తొందరగా చావు. అదే 10 ల్యూమెన్లకి ఇవాళ్టి ఎల్.ఇ.డి.కి వాటులో పదో వంతు చాలు. అంచేత మార్చడం లాభమా కాదా అన్న చర్చ అనవసరం. ఎలా మార్చాలన్నదే అసలు ప్రశ్న.

మొదటి చిక్కు వోల్టేజిది. ఎరుపు రంగు ఎల్.ఇ.డి. 1962 నుంచీ ఉంది, దానికి రెండు వోల్టులు కూడా అక్కర్లేదు. తెల్ల వెలుగు కావాలంటే నీలం కావాలి. ప్రకాశవంతమైన నీలం ఎల్.ఇ.డి.ని జపానులోని నిచియా కంపెనీలో షుజీ నకమూరా 1993లో సాధించాడు. ఆకసాకీ, అమానోలతో కలిపి ఆయనకి 2014లో భౌతికశాస్త్రంలో నోబెలు బహుమతి వచ్చింది ఈ నీలానికే. ఆ నీలం మీద పసుపు వెలుగునిచ్చే పొడి పూస్తే మన కంటికి తెలుపు. 450 నానోమీటర్ల నీలం ఫోటాను ఒక్కోదానికి సుమారు 2.75 ఎలక్ట్రాను వోల్టుల శక్తి కావాలి. అందుకే తెల్ల ఎల్.ఇ.డి. నిండుగా వెలగడానికి మూడు వోల్టుల దాకా అడుగుతుంది.

ఇప్పుడు సెల్లుల వైపు నుంచి చూడండి. రెండు సెల్లులు కొత్తలో మూడు వోల్టులు, చివరికొచ్చేసరికి రెండు కన్నా తక్కువ. అంటే దాదాపు ఎప్పుడూ చాలవు. బల్బు మెడలో వోల్టేజిని పెంచే చిన్న సర్క్యూటు ఉండి తీరాలి. నాలుగూ అంతకు మించీ ఉంటే ఎప్పుడూ ఎక్కువే, తగ్గించాలి. మూడు సెల్లులవాడిది త్రిశంకు స్వర్గం: కొత్తలో ఎక్కువ, ఆఖర్న తక్కువ. అందుకే ఈ బల్బుల పొట్లాల మీద ఎన్ని సెల్లులకో రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్క చదవకుండా కొనకండి. రెండు సెల్లుల బల్బుని ఆరు సెల్లుల టార్చిలో పెడితే ఓ క్షణం ధగధగలాడి ఊరుకుంటుంది.

సర్క్యూటు విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి వేరే ఉంది. అది పొట్లాల మీద రాసి ఉండదు.

పాత బల్బు సెల్లు అయిపోవస్తుంటే ముందే చెబుతుంది. తెలుపు పసుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది. ఇంటికి చేరుకునేంత వ్యవధి ఇస్తుంది. మంచి ఎలక్ట్రానిక్స్ ఉన్న ఎల్.ఇ.డి. బల్బు అలా కాదు. సెల్లు నీరసించినకొద్దీ ఎక్కువ కరెంటు లాగి వెలుగుని ఒకే స్థాయిలో నిలబెడుతుంది. పెట్టె మీద దీన్నే గొప్పగా రాసుకుంటారు. సెల్లు ఇంక ఇవ్వలేని క్షణం వచ్చేసరికి చెప్పాపెట్టకుండా పడిపోతుంది. సర్వరు గదిలో ఉన్నవాడికి ఇది సరదా. పొలం మధ్యలో ఉన్నవాడికి కాదు. అందుకే నా మాగ్‌లైటుకి మొదటి రకం వేసుకున్నా, నాన్నగారి దానికి కావాలనే చవకరకం వేశాను. ఒక ఎల్.ఇ.డి., ఒక రెసిస్టరు, అంతే. మూడు సెల్లులు కాబట్టి అది చెల్లుతుంది. కొత్తలో బాగా వెలిగి, రాత్రులు గడిచినకొద్దీ మెల్లగా మసకబారుతుంది. ఆ మసక కూడా గంటల కొద్దీ సాగుతుంది.

పెట్టి చూపించాక ఆయన పెరట్లోంచి కొబ్బరి చెట్టు మొవ్వు మీదకి వేసి చూశారు. "తెల్లగా బాగానే ఉందిరా. దూరం పోవట్లేదే?" అన్నారు. ఆయన పట్టుకున్నది రెండో చిక్కుని.

టార్చి అద్దం పరావలయం. ఫిలమెంటు దాని నాభి దగ్గర కూర్చుని అన్ని దిక్కులకీ వెలుగు చిమ్ముతుంది. పక్కలకి పోయినదాన్ని అద్దం పోగుచేసి బారుగా ముందుకి తోస్తుంది. ఎల్.ఇ.డి. చదునైన చిప్పు, దాని వెలుగు ఎక్కువగా ముందుకే పోతుంది. చాలా భాగం అద్దాన్ని తాకకుండానే విచ్చుకుపోతుంది. పైగా చిప్పు నాభికి మిల్లీమీటరు ఎగువనో దిగువనో ఉంటే వెలుగు గుండ్రం మధ్యలో నల్లటి చిల్లు. మాగ్‌లైటుకి తల తిప్పి సర్దుకునే వీలుంది. ఇత్తడి టార్చిలో బల్బు అంచు కింద పల్చటి ఫైబరు వాషరు వేస్తే చిల్లు పోయింది. దూరం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

"పాదాల దగ్గర ఎలా ఉంది నాన్నా?" అని అడిగాను. గట్టంతా పట్టపగల్లా కనిపిస్తోందన్నారు. పాము ఉండేది అక్కడే కనుక ఆ బేరం మాకు నచ్చింది.

రంగు సంగతి కూడా చూసుకోండి. నీలం కలిసిన చల్లటి తెలుపు ఎక్కువ వెలుగున్నట్టు కనిపిస్తుంది గానీ, అందులో ఎరుపు పాలు తక్కువ. మట్టి రంగు నేల మీద మట్టి రంగు ప్రాణి విడిగా తెలియాలంటే వెచ్చటి తెలుపే మేలు. పైగా చల్లటి తెలుపుకి పురుగులు ఎక్కువ మూగుతాయి. వరిచేలో నించున్నవాడి నోట్లోకి, కళ్ళలోకి పోయేవి అవే.

వేడి గురించి ఒక మాట. ఫిలమెంటు తన వేడిలో ఎక్కువ భాగాన్ని పరారుణ కిరణాలుగా బయటకి తోసేస్తుంది. ఎల్.ఇ.డి. వేడి చిప్పులోనే ఉండిపోయి వెనక నుంచి పోవాలి. పీఆర్ మెడ అంత సన్నటి దారిలో ఎంత పోతుంది? అరవాటు బల్బుకి బాధ లేదు. మూడు వాట్లని రాసినది మాత్రం కాసేపటికే కాగి, వెలుగు తగ్గుతుంది. టార్చి ఒళ్ళంతా అల్యూమినియమే అయినా బల్బు దాన్ని సరిగ్గా తాకదు కదా.

సెల్లుల దిశ కూడా ఇప్పుడు పట్టింపే. ఫిలమెంటుకి ముందూ వెనకా ఒకటే, ఎల్.ఇ.డి.కి కాదు. వెలగకపోతే బల్బుని తిట్టేముందు సెల్లులు తిరగేసి పెట్టారేమో చూడండి. లోపల తుప్పు ఉంటే, ఆల్కలైన్ సెల్లు కారినదైతే వెనిగరు అద్దిన గుడ్డతో తుడవండి, అది క్షారం. మన ఊళ్ళో మామూలు జింకు-కార్బను సెల్లు కారితే ఆమ్ల గుణం ఉంటుంది, దానికి వంట సోడా నీళ్ళు.

ఇంతా చేస్తే, ఈ డబ్బుకి కొత్త టార్చే వస్తుంది కదా అని మీ ఆవిడ అడగొచ్చు. చిన్న టార్చిలకి ఆ మాట నిజమే, వాటిని వదిలెయ్యండి. పెద్ద "డీ" సెల్లుల వాటికే ఈ శ్రమ దండగ కాదు. కొనేముందు తల విప్పి బల్బు చూడండి. మాగ్‌లైటుల్లో కొన్ని తరాలకి అంచున్న బల్బు, కొన్నిటికి రెండు సూదుల బల్బు. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. ఊడదీసిన పాత బల్బుని పారెయ్యకండి. ఫిలమెంటు మాగ్‌లైటు వెనక మూతలో స్ప్రింగు మధ్యన స్పేరు బల్బుకి చోటు ఉంటుంది. నాది ఇప్పుడు అక్కడే ఉంది.