తలలో కంతి తీసిన పిమ్మట కిరణచికిత్స యెందుకు?

పెద్దలారా,

తలలో కంతి పుట్టి, పట్టణమున శస్త్రము చేయించుకొని, కుట్లు మానిన మనుష్యుడు అరకు కొండలకు తిరిగి వచ్చినాడనుకొందము. తలనొప్పి పోయినది, వాంతులు నిలిచినవి, చోడి అంబలి రుచించుచున్నది. అట్టివానిని మరల ఆరువారములు విశాఖపట్టణమున నుంచవలెనని వైద్యులు చెప్పినచో, "కంతి తీసివేసిరి గదా, ఇంక నెందుకు?" అని యింటివా రడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. ఇట్టి సమయమున వారు సలహాకు వచ్చునది మీయొద్దకే గనుక దీని సంగతి విన్నవించుచున్నాను.

పసుపుతోటలో తుంగ మొలచుట మీరెరుగుదురు. పైగడ్డి పెరికినను మట్టిలో చిన్నగడ్డలు మిగులును. నాలుగు చినుకులు పడగానే మరల తలయెత్తును. గ్లయోమా యను జాతి కంతి యిట్టిదే. కంటికి కనబడిన ముద్దను శస్త్రవైద్యుడు తీయగలడు గాని, దాని కణములు కొన్ని చుట్టునున్న మంచి మెదడులోనికి చొచ్చియుండును. తోటనైన లోతుగా త్రవ్వవచ్చును. మెదడును త్రవ్విన మాట పడిపోవును, చేయి పడిపోవును. కత్తి ఆగిన చోట కిరణము పని మొదలిడును.

అన్ని కంతులకు నిది యక్కరలేదు. మెదడు పొరలనుండి పుట్టు మెనింజియోమా సాధువైనదై, పూర్తిగా తీయబడినచో, అప్పుడప్పుడు స్కాను తీసి కనిపెట్టియుండుటయే తరచుగా చాలును. తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి వ్రాసిన కాగితమే దీనిని తేల్చును. ఆసుపత్రి విడుచునాడు ఆ కాగితము వచ్చినదా యని తప్పక యడుగుడు.

ఈ కిరణములు 1895లో రాంట్‌జెన్ పండితుడు కనుగొన్న ఎక్సురేల జాతివే, మిక్కిలి బలము గలవి. కణము రెండుగా చీలి పెరుగు శక్తిని చెరచును. మంచి కణములు మరునాటికి కొంత చక్కబడును. కంతి కణముల కా నేర్పు తక్కువ. అందుచేతనే ఒక్కసారిగా గాక పంచి యిత్తురు. గ్లయోబ్లాస్టోమా యను చెడ్డజాతికి సాధారణముగా వారమునకు 5 దినముల చొప్పున 30 మార్లు, మొత్తము 60 గ్రేలు. నీరసించిన వృద్ధులకు 15 మార్లతో ముగించుటయు కలదు. గాయము మానిన పిమ్మట, సామాన్యముగా శస్త్రమైన 3 మొదలు 6 వారములకు ప్రారంభింతురు.

తల కదలకుండుటకు జల్లెడవంటి ప్లాస్టికు ముసుగును వేడినీట మెత్తబరచి ముఖమునకు అచ్చు తీయుదురు. బల్లపై కొన్ని నిమిషములు పండుకొనుటయే. నొప్పి లేదు, మంట లేదు. రోగి ఒంట కిరణము మిగిలియుండదు గనుక బిడ్డల నెత్తుకొనవచ్చును. కిరణము సోకినచోట వెండ్రుకలు రాలును. అలసట, నిద్రమత్తు కలుగును. ఆ చర్మముపై పసుపుగాని వేరుముద్దగాని పూయరాదు.

ఫలమెంత? దాచక చెప్పుట మంచిదని నా తలంపు. 1978లో అమెరికాలో ప్రకటించిన పరిశీలనలో, చెడ్డ గ్లయోమాలకు శస్త్రమైన పిమ్మట కిరణములు లేనివారిలో సగముమంది 14 వారములలో గతించిరి. కిరణములు పొందినవారికి అది సుమారు 35 వారములాయెను. 2005లో టెమొజొలొమైడ్ మాత్రలను తోడుచేసి చూడగా, గ్లయోబ్లాస్టోమా గలవారిలో రెండేండ్లు దాటినవారు నూటికి 10 నుండి 26కు పెరిగిరి. ఆ జాతియందు ఇది నిర్మూలనము కాదు, కాలమును సంపాదించుట. నెమ్మదిగా పెరుగు జాతులలో ఏండ్లతరబడి మేలు కలుగవచ్చును. ఏది కోరుకొనుటయైనను రోగి యిష్టము. కాని తెలిసి కోరుకొనవలెను గదా.

ఇక అసలు కష్టము దూరము. అరకునుండి విశాఖపట్టణము సుమారు 115 కిలోమీటర్లు. కొండపల్లెలనుండి డోలీ మోసుకొని బాటకు దిగవలసినవారు వేరే యున్నారు. ముప్పది మార్లు దిగి యెక్కుట కుదరదు, అక్కడ నిలువవలసినదే. అగనంపూడిలో టాటా సంస్థవారి హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. బీద కుటుంబములకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ, అనగా పూర్వపు ఆరోగ్యశ్రీ, క్రింద ఖర్చు దొరకును. దొరకనిది ఇంటియొద్ద మనిషి. రోగికి తోడుగా భార్య పోయినచో మేకల నెవరు చూతురు? కాఫీపండు నెవరు కోయుదురు? ఆరువారములు ఆ యింటి పనిని ఊరు పంచుకొన్నగాని చికిత్స సాగదు. ఇటుకల పండుగకని నడుమ వచ్చి పదిదినములు నిలిచిపోయినచో, మిగిలిన కణములకు మనమే గడువిచ్చినట్లు.

మూర్ఛ వచ్చినప్పుడు దిసారిని పిలిచి పూజ చేయించినను దోషము లేదు. మూర్ఛమాత్ర మాత్రము మానరాదు. వాపు తగ్గించు డెక్సామెథసోనును తమంతట తాము ఒక్కసారిగా నిలుపుట ప్రమాదము.

చికిత్స ముగిసిన నెలకు తీయు స్కానులో మచ్చ పెద్దదిగా కనబడవచ్చును. అది కంతి పెరుగుటయే కానక్కరలేదు, కిరణమువలని వాపు కావచ్చును. పాతపటముతో పోల్చిగాని వైద్యులు చెప్పలేరు. కనుక స్కాను పటములన్నియు ఒక సంచిలో వేసి, వానకు తడియకుండ అటకమీద భద్రపరచి, పోయినప్పుడెల్ల వెంట తీసికొని పోవలెను.