నడుం విరిచిన పొట్టి పార

అమెరికాలో తినే లెట్యూస్ ఆకుకూరలో పెద్ద వాటా కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో పండుతుంది. 1970ల దాకా అక్కడి చేలల్లో కలుపు తీయాలన్నా, ఒత్తుగా మొలిచిన నారును పలచన చేయాలన్నా కూలీల చేతికిచ్చే పనిముట్టు ఒక్కటే. అడుగో, అడుగున్నరో కర్ర ఉన్న పొట్టి పార. మెక్సికో మూలాలున్న కూలీలు దాన్ని 'ఎల్ కోర్తీతో' అనేవారు. ఒక చేత్తో పార వేస్తూ, రెండో చేత్తో మొక్కలు విడదీస్తూ, నడుం దగ్గర రెండుగా మడిచినట్టు వంగి సాలు వెంబడి నడవాలి. సాలు చివరికి చేరాక కాస్త నడుం ఎత్తడం, మళ్లీ వంగడం. పొద్దు పొడిచింది మొదలు ఇదే పని. వంగి కలుపు తీసే మన పల్లెల ఆడకూలీలకు ఆ నొప్పి గురించి ఎవరూ వివరించక్కర్లేదు.

పొడవు కర్ర పార వేస్తే లేత మొక్కలు తెగిపోతాయని భూస్వాములు వాదించారు. కూలీలకు మరో కారణం కూడా కనిపించేది. మేస్త్రీ దూరం నుంచి చూసినా సరే, నిటారుగా కనిపించినవాడు పని ఆపినట్టే లెక్క.

పల్లె పేదల కోసం 1966లో ఏర్పడిన న్యాయ సహాయ సంస్థలో మారిస్ జోర్డేన్ అనే యువ న్యాయవాది ఉండేవాడు. నిజంగా మేలు చేయాలనుంటే ముందు ఈ పారను పోగొట్టమని కూలీలు అతన్ని నిలదీశారు. దాంతో పనిచేసి చూడమన్నారు. చేశాడు. ఆ తర్వాత 1972లో పారను నిషేధించాలంటూ కూలీల తరఫున రాష్ట్ర పారిశ్రామిక భద్రతా విభాగానికి అర్జీ వెళ్లింది. ఏళ్ల తరబడి అలా వంగి పనిచేస్తే వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగిపోతాయని, ఆ నష్టం మళ్లీ పూడదని డాక్టర్లు సాక్ష్యం చెప్పారు.

1973లో ఆ విభాగం అర్జీని కొట్టేసింది. వాళ్ల లెక్కలో ప్రమాదకరమైన పనిముట్టు అంటే పిడి ఊడినదో, విరిగినదో. పార బాగానే ఉంది కదా! మనిషి ఏమవుతున్నాడన్నది వాళ్ల పరిశీలనకే రాలేదు. కూలీలు కోర్టుకెక్కారు. 1975 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఈ అర్థాన్ని తోసిపుచ్చింది. పనిముట్టు చెక్కుచెదరకపోయినా, వాడేవాడి ఒంటికి హాని చేస్తే అది ప్రమాదకరమేనంది. కొన్ని నెలలకే పొట్టి పారపై నిషేధం వచ్చింది.

వంగడం మాత్రం పోలేదు. చేతులతో కలుపు పీకించడం సాగుతూనే వచ్చింది. దానికి పరిమితులు పెట్టింది 2004లో. అప్పుడూ సేంద్రియ సాగుకు మినహాయింపు ఇచ్చారు.

ఆ మరుసటి ఏడాది, ఎండదెబ్బకు కూలీలు చనిపోతుంటే, కాలిఫోర్నియా ఆరుబయట పనులకు వేడి నిబంధనలు తెచ్చింది. మనిషికి గంటకు దాదాపు లీటరు మంచినీళ్లు, సేద తీరడానికి నీడ ఇవ్వాలన్నవి అందులో ముఖ్యమైనవి. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం వ్యవసాయ కూలీలను బయటే ఉంచిన దేశంలో ఇది గట్టి ముందడుగే. కానీ కాగితం మీది నీడ చేనుదాకా రావాలంటే అడిగి తెప్పించేవాళ్లుండాలి. 2008 మేలో ఒక ద్రాక్షతోటలో పనిచేస్తూ పదిహేడేళ్ల గర్భిణి ఎండదెబ్బకు కూలిపోయి, రెండు రోజులకు ఆస్పత్రిలో కన్నుమూసింది. అప్పటికి నిబంధనలు వచ్చి దాదాపు మూడేళ్లు. ఆ కేసులో 2011లో నేరం ఒప్పుకున్న కాంట్రాక్టు సంస్థ బాధ్యులిద్దరికీ జైలుశిక్ష పడలేదు. సమాజసేవ, జరిమానా, ప్రొబేషన్‌లతో కేసు ముగిసింది.