స్టీవ్ ఇర్విన్ పోయాక మిగిలిందేంటి? పాముల రీల్స్ నుంచి లంకమల్ల కలివికోడి దాకా..

ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందుల పక్క పల్లెలోనైనా ఇంట్లోకి నాగుపాము దూరిందంటే ఒకప్పుడు కర్రలు లేచేవి. ఇప్పుడు కర్రలతో పాటు ఫోన్లూ లేస్తున్నాయి. పాము పట్టే కుర్రాడు తోక పట్టుకుని ఎత్తుతాడు, పడగ కెమెరా వైపు తిప్పుతాడు, రెండు డైలాగులు చెప్తాడు. వీడియో వైరల్!

ఈ స్టైల్‌ను ప్రపంచానికి అలవాటు చేసిన వాళ్లలో ముందు వరుసలో ఉండే పేరు స్టీవ్ ఇర్విన్. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరుతో మొసళ్ల మీదికి దూకిన ఆస్ట్రేలియా టీవీ స్టార్. ఆయన చనిపోయింది 2006లో. ఆయన మీద చర్చ మాత్రం ఆగలేదు. జంతువులను కాపాడారా? లేక వాటితో షో చేశారా?

ఇంతకీ ఆ రోజు ఏం జరిగింది?

2006 సెప్టెంబర్ 4. క్వీన్స్‌లాండ్ తీరంలోని బ్యాట్ రీఫ్ దగ్గర షూటింగ్. సముద్రంలో ఈదుతున్న ఇర్విన్ ఛాతీలోకి స్టింగ్‌రే అనే చేప తోక ముల్లు దిగింది. అక్కడే ప్రాణం పోయింది. వయసు 44 ఏళ్లు. 1996లో మొదలైన ఆయన షో 'ది క్రోకొడైల్ హంటర్' అప్పటికే 100కు పైగా దేశాలకు వెళ్లింది.

ప్రపంచమంతా కన్నీళ్లు పెట్టుకుంటుంటే, రచయిత్రి జర్మెయిన్ గ్రీర్ మాత్రం బ్రిటన్ పత్రిక 'ది గార్డియన్'లో జంతు ప్రపంచం పగ తీర్చుకుందన్న అర్థంలో రాశారు. పెద్ద దుమారమే రేగింది. చనిపోయిన మనిషి గురించి ఆ సమయంలో అలా రాయాలా అన్నది ఒక వాదన. అయితే ఆమె అడిగిన ప్రశ్నలో పస లేదని కొట్టిపారేయలేం. జంతువుకు ఇవ్వాల్సిన దూరం ఇవ్వకుండా, దాన్ని రెచ్చగొట్టి చూపించడం ప్రేమ ఎలా అవుతుంది? 2004 జనవరిలో నెల రోజుల కొడుకును ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో మొసలికి కోడి మాంసం తినిపించారు ఇర్విన్. ఆ వీడియో చూసి అభిమానులు కూడా ఉలిక్కిపడ్డారు.

2019 ఫిబ్రవరి 22న, ఆయన జయంతికి గూగుల్ డూడుల్ పెడితే జంతు హక్కుల సంస్థ పెటా తప్పుబట్టింది. నెటిజన్లు తిరిగి పెటాను ఏకిపారేశారు. అంటే 13 ఏళ్ల తర్వాత కూడా అదే గొడవ.

అన్నిటికంటే బాధ పెట్టే విషయం వేరే ఉంది. ఆయన చనిపోయిన కొద్ది రోజులకే క్వీన్స్‌లాండ్ బీచ్‌లలో తోకలు కోసేసిన స్టింగ్‌రేలు చచ్చిపడి కనిపించాయి. అభిమానులే ప్రతీకారంగా చేశారన్న అనుమానం. జంతువులను కాపాడండి అని జీవితమంతా అరిచిన మనిషి పేరు మీద జంతువులను చంపారు! ఆయన స్థాపించిన వైల్డ్‌లైఫ్ వారియర్స్ సంస్థే ముందుకొచ్చి, ఇది ఇర్విన్ కోరుకునేది కాదని చెప్పాల్సి వచ్చింది.

మరి రెండో వైపు లెక్క? ఇక్కడ స్టంట్లు లేవు, భూమి ఉంది. ఇర్విన్ జ్ఞాపకార్థం కేప్ యార్క్‌లో 1,35,000 హెక్టార్లు, అంటే దాదాపు 3.3 లక్షల ఎకరాలను రక్షిత ప్రాంతంగా మార్చారు. మన లంకమల్ల అభయారణ్యానికి దాదాపు మూడు రెట్లు. అక్కడ బాక్సైట్ తవ్వుతామని ఒక కంపెనీ వస్తే కుటుంబం ఏళ్ల తరబడి పోరాడింది. 2013లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఆ ప్రాంతానికి రక్షణ ప్రకటించింది. అదే నేల మీద ఇప్పుడు మొసళ్ల కదలికలపై పరిశోధన జరుగుతోంది. ఇర్విన్‌ను తిట్టేవాళ్లు కూడా ఈ భూమి గురించి పెద్దగా మాట్లాడరు. తీసిపారేయడానికి వీల్లేదు కాబట్టే కావచ్చు.

మన జిల్లాలో ఇదే కథ

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా బద్వేలు వైపు వెళ్తే కనిపించేవి లంకమల్ల కొండలు. వాటి అంచున ఉన్న ముళ్ల పొదల్లో కలివికోడి ఉంటుంది. ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. చివరికి 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక రాత్రి, ఐతన్న అనే స్థానిక వేటగాడు టార్చి లైటుతో దాన్ని పట్టుకున్నారు. పరిశోధకుడు భరత్ భూషణ్ ద్వారా ఆ వార్త ప్రపంచానికి తెలిసింది. పట్టిన పక్షి మాత్రం బతకలేదు.

అప్పుడు దేశంలో పక్షుల మాటొస్తే గుర్తొచ్చే పెద్ద పేరు సలీం అలీ. 89 ఏళ్ల వయసులో ఆయన కడపకు వచ్చారు. ఆ మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన టీవీ స్టార్ కాదు. కానీ ఆ పేరు బరువు పక్షికి పనికొచ్చింది. 1988లో 464 చదరపు కిలోమీటర్లతో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. తెలుగుగంగ కాలువ! రాయలసీమ రైతుకు నీళ్లంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. 2005లో కాలువ పనులు అనుమతి లేకుండా పక్షి ఉండే పొదల్లోకి దూసుకొచ్చాయి. పరిశోధకులు గుర్తించి అభ్యంతరం చెప్పారు, పనులు ఆగాయి. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చారు, పక్షి కోసం అదనంగా భూమి కూడా తీసుకున్నారు. నీళ్లూ ఆగలేదు, పొదలూ పూర్తిగా పోలేదు. ఒక చిన్న పక్షి కోసం కాలువ వంకర తిరగడం మన దగ్గర రోజూ జరిగేది కాదు.

అలాగని అంతా సుఖాంతం కాదు. కలివికోడికి దట్టమైన అడవి అక్కర్లేదు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలు, మధ్యలో పరిగెత్తడానికి ఖాళీ నేల ఉండాలని పరిశోధనలో తేలింది. కట్టెల కోసం మొత్తం నరికేస్తే పక్షి పోతుంది. మేకలను పూర్తిగా ఆపేస్తే పొదలు మూసుకుపోయి, అప్పుడూ పక్షికి చోటుండదు. అంటే ఊళ్లో మేకల కాపరి లేకుండా దీన్ని కాపాడలేం. ఈ మాట పోస్టర్లలో కనిపించదు.

2008 తర్వాత చాలా ఏళ్లు దాని జాడే లేదు. 2025లో దాని కూత మళ్లీ రికార్డయిందని పక్షి పరిశోధకులు ప్రకటించారు.

రీల్స్ తీసేవాళ్లకు ఒక మాట

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత నాగుపాము, రక్తపింజరి షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులితో సమానమైన రక్షణ. చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఇంట్లోకి వచ్చిన పామును అటవీ శాఖకు చెప్పి పట్టించడం వేరు, పట్టాక పది నిమిషాలు ఆడించడం వేరు.

పులివెందుల అసలు పేరు పులిమందల అని, ఒకప్పుడు పులులు మందలుగా తిరిగేవని పెద్దలు చెప్తుంటారు. పులులు పోయాయి, పేరు మిగిలింది.

కలివికోడి ఇంకా ఆ దశకు రాలేదు. అది రాత్రిపూట తిరిగే పక్షి. చీకటి పడే వేళ కాసేపే కూస్తుంది. ఆ టైమ్‌లో లైట్లు, డ్రోన్లు పట్టుకుని అనుమతి లేకుండా లంకమల్లలోకి వెళ్తే పక్షి దొరకదు, కేసు దొరుకుతుంది.