ఊరి భాషకు పెద్దపీట

2024లో ‘ద కీలీ హాక్’ వచ్చేనాటికి కేథ్లీన్ జేమీకి అరవై రెండేళ్లు. ఇంగ్లిష్‌లో రావలసిన పేరు అప్పటికే వచ్చేసింది. ఫార్వర్డ్ ప్రైజు, కోస్టా పురస్కారం, స్టర్లింగ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం, మూడేళ్లు స్కాట్లాండ్ జాతీయ కవి హోదా... అన్నీ చూశారు. అంత పేరున్న కవి ఆ సంపుటి మొత్తం స్కాట్స్‌లో రాశారు. ప్రతి కవితకూ ఇంగ్లిష్ పాఠం జోడించారు గానీ, పెద్దపీట స్కాట్స్‌దే. పుస్తకానికి పేరిచ్చిన పక్షి, గాలిలో ఒక్కచోటే నిలిచి నేలను గాలించే చిన్న డేగ.

స్కాట్స్ ఇంగ్లిష్‌కు తోబుట్టువు. ఒకప్పుడు స్కాట్లాండ్ రాజుగారి కొలువులో, చట్టాల్లో దర్జాగా నడిచిన భాష. ఆ దర్జా మెల్లగా పోయింది. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్ గద్దె కూడా ఎక్కి లండన్‌కు మకాం మార్చాడు. 1707లో ఎడింబరో పార్లమెంటూ పోయింది. చర్చిలో చదివే బైబిలు ఎటూ ఇంగ్లిషే. బడిలో పిల్లల నోట స్కాట్స్ దొర్లితే సరిగ్గా మాట్లాడమని గదమాయించడం తరాల తరబడి సాగింది. 2022 జనగణనలో సుమారు 15 లక్షల మంది ఈ భాష మాట్లాడగలమని చెప్పారు. అయినా జనవరి 25న స్కాట్స్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందులో దానికి చప్పట్లు కొట్టి, లోతైన మాట చెప్పాల్సి వస్తే ఇంగ్లిష్‌కు మళ్లడం చాలామందికి అలవాటు. 1926లో కవి హ్యూ మెక్‌డైర్మిడ్ స్కాట్స్‌లో రాసిన ఒక దీర్ఘకవితతో ఈ అలవాటు మీద తిరగబడ్డాడు. జేమీ గొంతు పెంచకుండా అదే పని చేశారు. నాకు ఆమె దారే ఎక్కువ నచ్చుతుంది.

జేమీ 1962లో రెన్‌ఫ్రూషైర్‌లో పుట్టారు, ఎడింబరో శివారు కరీలో పెరిగారు. పందొమ్మిదేళ్లకే యువకవులకిచ్చే ఎరిక్ గ్రెగరీ అవార్డు వస్తే, ఆ డబ్బుతో హిమాలయాల వైపు వెళ్లారు. ఎడింబరో యూనివర్సిటీలో చదివింది తత్వశాస్త్రం. ఉత్తర పాకిస్థాన్‌లో తిరిగిన అనుభవాలు 1992లో పుస్తకమయ్యాయి.

సొంతగడ్డ మీదికి చూపు తిరిగింది 1994 నాటి ‘ద క్వీన్ ఆఫ్ షీబా’ సంపుటితో. కాస్త తలెత్తుకు తిరిగిన ఆడపిల్లను దెప్పిపొడిచే శివారు ఊరికి, నిజంగానే షీబా రాణి ఒంటెలతో దిగుతుంది! ఇంగ్లిష్ కవితలోకి ఊరి మాట చొరవగా నడిచొస్తుంది. పిల్లల తల్లయ్యాక 1999లో వచ్చిన సంపుటి పేరు ‘జిజెన్’. స్కాట్స్‌లో పురిటి మంచమని అర్థం. 2012లో ‘ద ఓవర్‌హాల్’ కోసం జర్మన్ మహాకవి హోల్డర్లిన్‌ను స్కాట్స్‌లోకి తెచ్చారు. దేవుడి గురించీ, కాలం గురించీ ఇంత బరువైన ఆలోచనను ఊరి భాష మోయగలదా అని సందేహించేవాళ్లు చదవాల్సినవి ఆ అనువాదాలే.

ఆమె వచనం కూడా కవి రాసిందే. వ్యాసాల పుస్తకం ‘సైట్‌లైన్స్’లో ఒక వ్యాసముంది. తల్లి చనిపోయాక డండీలోని నైన్‌వెల్స్ ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్తారు. మైక్రోస్కోపు కింద గులాబీ రంగు అద్దిన కణజాలం. ఆ ముక్కలో ఆమెకు పైనుంచి చూసినట్టు నది, దాని గట్లు కనిపిస్తాయి. ప్రకృతి అంటే కొండలూ పక్షులే కాదు, మనల్ని చంపేదీ అందులోదే. ఆ నిజం నుంచి ఆమె చూపు తిప్పుకోరు. ఆమె రాసినదాంట్లో నన్ను వదలనిది ఈ వ్యాసం.

స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై ఓటింగ్ జరిగిన 2014లో ఏడాది పొడవునా వారానికో కవిత రాశారు. అవే ‘ద బానియెస్ట్ కంపెనీ’ అయ్యాయి. ఇంగ్లండ్‌పై స్కాట్లాండ్ గెలిచిన బానక్‌బర్న్ యుద్ధానికి 700 ఏళ్లు నిండిన సంవత్సరమూ అదే. ఆ మైదానంలోని గుండ్రటి స్మారకం చెక్క దూలం మీద చెక్కింది జేమీ కవితనే. జాతీయ కవిగా (2021–24) జనం పంపిన పంక్తులను కూర్చి ఉమ్మడి కవితలు అల్లారు. ఆ పదవిలో ఉన్నవాళ్లు జనాన్ని కూడా కవులుగా లెక్కేయడం నాకు ఎంతో గౌరవప్రదంగా తోచింది.

2025లో స్కాటిష్ పార్లమెంటు చట్టం చేసి అక్కడి మరో భాష గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికార హోదా ఇచ్చింది. ఇక ఆ భాషను చదవడం మన వంతు. జేమీని కొత్తగా చదవబోయేవారు ‘సైట్‌లైన్స్’తో మొదలుపెట్టండి. ‘ద కీలీ హాక్’ చేతికందితే మాత్రం, పక్కన ఇంగ్లిష్ ఉంది కదా అని దాంతోనే సరిపెట్టుకోకండి. ముందు స్కాట్స్ పంక్తులను పైకి చదవండి. అర్థం ఆ తర్వాత చూసుకోవచ్చు.