వంశవృక్షమున నొకరైన యిరువురు

మా ముత్తాతగారికి భార్య లిరువురు. మొదటి యామె కాన్పునందు గతించినది. ఏడాది తిరుగకముందే రెండవ వివాహము జరిగినది. ఆ రెండవ యామెయే మా తాతగారి తల్లి. ఇరువురిదియు నొకటే పేరు. మన యిండ్లలో నిది వింత గాదు. అవ్వ పేరు మనుమరాలికిని, తాత పేరు మనుమనికిని పెట్టు దేశమున పేర్లకే గాని మనుష్యులకు కొఱత లేదు గదా!

క్రిందటి యేడు అమెరికాలోనున్న మా చిన్నాయనగారి కుమారుడు, బంధువులందఱు కలసి వ్రాయు నొక అంతర్జాల వంశవృక్షమున ఆ యిరువురి పుటలను కలిపివైచెను. మఱునాడు సికిందరాబాదులో కాఫీ త్రాగుచు చూతును గదా, మొదటి యామె లేదు! ఆమె మరణవత్సరము రెండవ యామెకు సంక్రమించినది. ఆ లెక్కను మా తాతగారు తల్లి పోయిన రెండేండ్లకు పుట్టినారు! ఆ వత్సరమే తప్పని తమ్ముని వాదము. నేను విడదీసితిని, అతడు మరల కలిపెను. ముమ్మాఱిట్లు జరిగిన పిమ్మట దీపావళికి వానినుండి ఫోను సైతము రాలేదు.

ఇట్టి వృక్షములలో నెవరి పెరడు వారిది గాదు. 2007లో వెలసిన జెని, 2008లో మొదలైన వికీట్రీ, ఫ్యామిలీసెర్చ్ వారి వృక్షము, ఇవన్నియు లోకమున కంతకు నొకే చెట్టు, మనిషి కొకే పుట యను తలంపుపై నిలిచినవి. కావున కలుపుట దోషము గాదు. జెనిలోని 8 కోట్ల 60 లక్షల పుటలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 1 కోటి 30 లక్షలమంది గల యొక కుటుంబవృక్షమును 2018లో సైన్స్ పత్రికయందు వర్ణించిరి. కలుపువారు లేకున్న నది సాధ్యమా?

మన స్త్రీల విషయమున కలుపవలసిన పుటలును మెండే. పుట్టింటివారు ఒక యింటిపేరుతోను, అత్తవారు మఱియొక యింటిపేరుతోను వ్రాయుటచే ఒక్కతెయే యిద్దరగును. మేనరికమైనచో కోడలుగా నొకమాఱు, మేనకోడలుగా నొకమాఱు కానవచ్చును. వికీట్రీలో స్త్రీని పుట్టింటి పేరనే నమోదు చేయుదురు. ఇది నాకు మిక్కిలి నచ్చిన పద్ధతి.

మా తగవు తీర్చినది మాత్రము యంత్రము గాదు. తమ్ముని పక్షమునను ఆధారము లేకపోలేదు. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చినది. తరువాతి కాలమున మా ముత్తాతగారు ఆ కొలువునకే యిచ్చటికి చేరిరి. ఆయన కొలువు కాగితములో భార్య పేరొక్కటే యున్నది. నిజమే, పేరొక్కటే! మా యటుకమీది ఇత్తడిబిందెపై చెక్కిన పేరును చూచితిని. అదియు నెవరిదో చెప్పదు. తుదకు మా తాతగారి తర్పణముల పుస్తకము దొరకినది. తండ్రియొక్క వేఱు భార్యకును తిలోదక మిచ్చు స్థానము మన విధిలో గలదు. తల్లి పేరు వ్రాసిన చోటికి దిగువను, సాపత్నమాత స్థానమున, అదే పేరు మరల తాతగారి చేవ్రాతలోనే యున్నది. ఫొటో తీసి పంపితిని. ఆ రాత్రియే తమ్ముడు ఫోను చేసెను.

కలుపుటకు ముందు తండ్రి పేరు, స్వగ్రామము, బిడ్డల జన్మవత్సరములు సరిచూచి, పుటను వ్రాసినవారికి నొక మాట వ్రాయుడు. వీరు వేఱువేఱని గుర్తుపెట్టు వీలు వికీట్రీ, ఫ్యామిలీసెర్చ్‌లలో గలదు. జెనిలో తగవులు చూచుటకు స్వచ్ఛందముగా పనిచేయు పర్యవేక్షకులున్నారు. ఫ్యామిలీసెర్చ్‌లో మార్పుల పట్టికనుండి కలిపిన పుటలను విడదీయవచ్చును గాని, ఆ పిమ్మట పలువురు చేయిచేసికొన్నకొలది చిక్కు పెరుగును.

ఇప్పుడు మా ముత్తాతగారి ప్రక్క రెండు పుటలున్నవి. మొదటి యామె పుటలో మూడే పంక్తులు. ఆమె పుట్టింటి యింటిపేరు మాలో నెవ్వరికిని తెలియదు. తర్పణమున మెట్టినింటి గోత్రమే గాని పుట్టింటిపేరుతో పనిలేదు గదా. తమ్ముడు సంక్రాంతికి వచ్చి, తెనాలిలోని పెద్దత్తయ్యగారి నడిగి చూత మనుచున్నాడు. ఆమెకు తొంబదియేండ్లు.